అంగడివాని మొదటి మాట

సరకు మంచిదైనచో దానంతట నదియే అమ్ముడుపోవునని మనలో పెక్కుమంది తలంతురు. ఇది సగము మాత్రమే సత్యము. ఆ సరకు తనకెట్లు పనికివచ్చునో కొనువానికి తెలియనిచో, అది యెంత మేలైనదైనను అరలోనే పడియుండును. పూర్వము వర్తకుడు అంగడిలో గూర్చుండి, వచ్చినవాని ముఖము జూచి, వానికి కావలసినదేమో యడిగి, తగిన మాట చెప్పుచుండెను. నేడు అంగడి వెబ్‌సైటులోనికి గూడ వచ్చినది. అచ్చట చూచువాడెవడో అమ్మువానికి కనబడడు. చూచువాడును సందేహము తోచిన అడుగడు. వ్రేలితో తెరను త్రోసి మఱియొక అంగడికి పోవును. కావున వెబ్‌సైటు మొదటి పుటలో పైన కనబడు రెండు మూడు వాక్యములే వర్తకునికి బదులుగా మాటలాడవలెను.

ఇట్టి వాక్యమునకు వ్యాపారశాస్త్రమందు ‘వాల్యూ ప్రొపొజిషన్’ అని పేరు. 1988వ సంవత్సరమున మెకిన్సీ అను సలహా సంస్థయందు మైకేల్ లానింగ్, ఎడ్వర్డ్ మైకేల్స్ అనువారు వ్రాసిన పత్రమువలన ఈ పేరు వ్యాప్తికి వచ్చినది. ఎవరికి, ఏ మేలును, ఏపాటి వెలకు ఈయదలచితిమో తేటగా చెప్పుటయే దీని సారము. దీనిని మనము ‘విలువ వాక్యము’ అందము. ఇది నినాదము కాదు. నినాదము చెవి కింపుగా నుండిన చాలును. విలువ వాక్యము కొనువాని ప్రశ్నకు ఉత్తరము కావలెను.

పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును స్థాపించిరి. దాని నాతడు సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టి జనులకు పరిచయము చేసెను. ఇందలి యుక్తిని గమనింపుడు. నొప్పిగలవాని చేతికే మందు నిచ్చి, గుణమును వానినే పరీక్షించుకొనుమనుట! ఎన్ని వర్ణనలైనను ఆ పరీక్షకు సాటిరావు. ఈ వ్యాపారమునందు గడించిన ధనమును వెచ్చించియే ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసున దానిని దినపత్రికగా నడిపెను. వెబ్‌సైటులో వస్తువును చేతికిచ్చుట సాధ్యము గాదు. కావున పరీక్షకు నిలువగల మాటనైనను ఈయవలెను.

ఇక మన నారాయణఖేడు ప్రాంతమునకు వత్తము. ఇచ్చట కంది ముఖ్యమైన పంట. ఒక కుటుంబము తమ కందిపప్పును వెబ్‌సైటు మూలమున అమ్మదలచినదనుకొందము. ‘నాణ్యతయే మా ధ్యేయము, మీ తృప్తియే మా భాగ్యము’ అని పైన వ్రాసిరి. ఈ మాటను చెప్పులవాడును వ్రాయవచ్చును, సిమెంటు వర్తకుడును వ్రాయవచ్చును. ఇందొక చిన్న పరీక్ష గలదు: మీ వాక్యమునందు మీ పేరు దీసి పొరుగువాని పేరు పెట్టుడు. అప్పుడును వాక్యము చక్కగా నతికెనా, అది యేమియు చెప్పలేదన్నమాట.

దానికి మాఱుగా ఇట్లు వ్రాయవచ్చును: ‘నారాయణఖేడులో మా పొలమున పండిన కందులను పప్పుగా చేసి, నూనె పట్టింపక, మెఱుగు పెట్టక, పట్టణములలోని కుటుంబములకు అయిదు కిలోల సంచులలో పంపుదుము. పంట కోసిన నెలయు, పప్పు పట్టిన తేదీయు సంచిమీద నుండును.’ ఇందు వస్తువేదో, ఎవరికో, ఇతరుల సరకుకంటె భేదమేమో తెలిసినది. ఈ మాటల ప్రక్కనే వెలయు, పొలము యొక్క ఛాయాచిత్రమును ఉంచిన చూచువాని శంక తీరును. అయితే ఇందలి ప్రతి మాటయు నిజముగా జరుగుచుండవలెను.

ఇచ్చటనే ఒక శోధన యెదురగును. మనకు దూరము గాని తాండూరు కంది మిక్కిలి ప్రసిద్ధమైనది. అచ్చటి నల్లరేగడియందు అట్టాపల్గైట్ అను బంకమన్ను విశేషముగా నున్నది. ఆ కందియందు మాంసకృత్తులు నూటికి 22 మొదలు 24 పాళ్లుండునని చెప్పుదురు. 2022 డిసెంబరులో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ‘మన పప్పునకును తాండూరు పేరు పెట్టిన ఎవరికి తెలియును? నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చును గదా!’ అని యొకడు మెల్లగా సలహా చెప్పవచ్చును.

ఈ సలహా విషము. 1999వ సంవత్సరపు భౌగోళిక సూచికల చట్టము ప్రకారము, అట్టి పేరును అబద్ధముగా వాడువానికి చెఱసాలయు, జరిమానాయు విధింపవచ్చును. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మోసపుచ్చు ప్రకటనకు పది లక్షల రూపాయలవఱకు జరిమానా కలదు. మా పప్పు తిన్న మధుమేహము కుదురునని ఆధారము లేక వ్రాయువారును ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. చట్టము మాట యటుండనిండు. ఆ పేరు దొంగిలించిన, కష్టపడి దానిని సంపాదించిన తాండూరు రైతునకు నష్టము. నమ్మి కొన్న యిల్లాలికి మోసము. అన్నిటికంటె విచారకరమేమనగా, మన నేలలో పండినదానిమీద మన యూరి పేరును మనమే చెఱిపివేసినవారమగుదుము. తాండూరు పేరొక్క దినమున రాలేదు. నారాయణఖేడు పేరునకును అట్టి గౌరవము రావలెనన్న, ఆ పేరుతోనే మంచి సరకు నమ్మవలెను.

విద్యార్థులారా! ఇండ్లలో సెల్‌ఫోను చేతబట్టి తల్లిదండ్రుల దుకాణమునకో, కుట్టుపనికో, పాడికో వెబ్‌సైటు సిద్ధపఱచువారు తఱచుగా మీరే. మొట్టమొదట, ఇదివఱకు కొన్నవారిని ‘మీరు మాయొద్దనే యేల కొనుచున్నారు?’ అని యడుగుడు. వారు చెప్పిన మాటలనే వ్రాసికొనుడు; మీకు తోచని మేలు వారి నోట వెలువడును. పిమ్మట వాక్యము వ్రాసి, ఆ వ్యాపారమెఱుగని యొకరికి ఒక్కసారి చదివి వినిపింపుడు. ఏమి అమ్ముచున్నారో, తనకేమి లాభమో వారు తిరిగి చెప్పగలిగిరా, వాక్యము కుదిరినది. చెప్పలేనిచో మరల వ్రాయుడు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినబడు సరిహద్దు సీమ మనది. కొనువారి భాష యేదో దానిలోనే వ్రాయుట మఱువకుడు.

దొంగత్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథము బోధించుచున్నది. వెబ్‌సైటులోని వాక్యమును ఒక త్రాసే. ఒక తట్టలో మన మాట యుండును. సంచి విప్పిన దినమున రెండవ తట్టలో మన సరకు పడును. రెండును సరితూగినచో కొన్నవాడు మరల వచ్చును, మఱియొకనిని వెంటబెట్టుకొనియు వచ్చును. తూగనిచో ఎంత యందమైన వాక్యమైనను రెండవమాఱు పనిచేయదు.

కావున మంచి విలువ వాక్యము కలముతో గాక, మొదట పొలములోను, కొట్టులోను, కుట్టుమిషనుమీదను ఆరంభమగును. అచ్చట సరిగా చేసినదానిని ఇచ్చట సూటిగా చెప్పుటయే మన పని.