తరగతి గదిలో తహ్‌ఖీఖ్

ఉర్దూలో పరిశోధనను 'తహ్‌ఖీఖ్' అందురు. ఈ మాటకు మూలము 'హఖ్', అనగా సత్యము. చెవిని పడిన మాటను అట్లే నమ్మక, నిజమో కాదో తేల్చుకొనుట తహ్‌ఖీఖ్. తెలుగున పరిశోధన యనగా అన్ని వైపులనుండి వెదకుట. మన బి.ఎడ్. విద్యార్థులు ఏటేట సమర్పించు నివేదికలలో ఈ వెదకుట, ఈ తేల్చుకొనుట ఎంతవరకు కలవని ఎవరైన అడిగినచో, వానిని దిద్దువాడనగుటచే నాకు కొంత సంకోచము కలుగును.

"ప్రాథమికోన్నత పాఠశాల విద్యార్థుల గణిత వెనుకబాటు - ఒక పరిశీలన" అని పేరుండును. కారణముల క్రింద తల్లిదండ్రుల నిరక్షరాస్యత, ఇంట చదువు వాతావరణము లేకపోవుట, పేదరికము వరుసగా నిలుచును. చివర "పై కార్యక్రమము వలన విద్యార్థులలో చక్కని ప్రగతి కానవచ్చినది" అను వాక్యము తప్పక యుండును. ఏ తప్పు, ఎందరు పిల్లలు, ఎన్ని మార్లు చేసిరి అను సంగతి మాత్రము కానరాదు. అట్టి నివేదికను పాఠశాల గడప తొక్కకయే వ్రాయవచ్చును. పరులననుట ఎందుకు? నేనును శిక్షణ కాలమున ఒక సీనియరు రికార్డు తెచ్చుకొని, పాఠశాల పేరు మార్చి, రెండు రాత్రులలో నకలు దింపినవాడనే. మంచి మార్కులే వచ్చినవి. పిదప ఏడవ తరగతి పిల్లల యెదుట నిలుచున్ననాడు ఆ మార్కులు నాకు అక్కరకు రాలేదు.

ఉపాధ్యాయుడు తన తరగతిలో తానే చేయు ఈ పనికి చర్యాత్మక పరిశోధన అని పేరు. యాక్షన్ రీసెర్చ్ అను మాటయే మనలో ఎక్కువ వాడుక. దీనికి ప్రచారము తెచ్చినవాడు కర్ట్ లెవిన్ అను మనస్తత్వ శాస్త్రవేత్త. బెర్లినులో బోధించుచుండిన ఆయన యూదుడగుటచే, హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీ విడిచి అమెరికా చేరెను. 1946లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసము పేరే చర్యాత్మక పరిశోధన, అల్పసంఖ్యాకుల సమస్యలు అని. మన వంటి కళాశాలలో ఈ సంగతి తెలిసియుండుట మంచిది. యోచించుట, చేయుట, చేసిన దాని ఫలితమును పరీక్షించుట, దానినిబట్టి మరల యోచించుట అనునది ఆయన చూపిన మార్గము. 1953లో స్టీఫెన్ కోరే తన గ్రంథము ద్వారా దీనిని పాఠశాల ఉపాధ్యాయులకు చేరువ చేసెను. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేండ్ల చదువై, పాఠశాల అనుభవమునకు 20 వారములు కేటాయింపబడినవి. కనుక కాలము చాలలేదను సాకు అంతగా నిలువదు.

పద్ధతిని సూత్రములుగా చెప్పుటకంటె, ఇటీవల మా విద్యార్థిని యొకతె చేసిన పని చెప్పినచో తేటపడును. ఆమె ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఆరవ తరగతికి గణితము చెప్పుచుండెను. కొలది దినములకే నా వద్దకు వచ్చి, "సార్, పిల్లలకు కూడికలు కూడా రావడం లేదు. ఇళ్లల్లో చదివించేవాళ్లు లేరు, అదే కారణమని వ్రాయమంటారా?" అని అడిగెను. "కారణం తర్వాత చూద్దామమ్మా, ముందు వాళ్ల కాగితాలు తెచ్చి చూపించు" అంటిని.

కాగితములు చూడగా ఒక వింత కానవచ్చెను. నల్లబల్లపై వ్రాసి యిచ్చిన లెక్కలను ఆ పిల్లలే చాలవరకు సరిగా చేసియుండిరి. నోటితో చెప్పి వ్రాయించిన లెక్కలలోనే తప్పులు. కూడిక వచ్చును గాని, కూడవలసిన సంఖ్యయే తప్పు పడినది. అప్పుడామె 20 సంఖ్యలను నోట చెప్పి వ్రాయించి, ఒక్కొక్క తప్పును పట్టికలో నింపెను. తప్పులు చెదరియుండక ఒకే చోట పోగుపడినవి.

ఇది తెలుగు మాత్రమే తెలిసినవారికి కొంత వివరింపవలెను. తెలుగున యాభైతొమ్మిది అన్నచో పదులు ముందు, ఒకట్లు తరువాత. వ్రాయు వరుసయు అదే. ఉర్దూలో 59ని 'ఉన్‌సఠ్' అందురు, అనగా అరువదికి ఒకటి తక్కువ. చెవికి వినబడునది అరువది, వ్రాయవలసినది యాభై. పిల్లవాడు అరువదిని విని, తొమ్మిదిని తలచి, 69 వ్రాయును. ఉన్‌తీస్, ఉన్‌చాస్ వంటి వానియందును ఇదే చిక్కు. 79ని 'ఉన్నాసీ' అందురు. ఎనుబదికి ఒకటి తక్కువ అను ఈ సూత్రమును ఎట్లో పట్టుకొన్న బాలునకు 89 వద్ద మరల దెబ్బ తగులును, ఏలయనగా అది 'నవాసీ', తొమ్మిది ఎనుబది. అచట సూత్రమే మారినది. ఈ పేర్లను పుట్టినది మొదలు పలుకుచున్న నాకును ఆ పట్టిక చూచువరకు ఇది తోచలేదు. ఇంకొక ముచ్చట: సాయంకాలము తండ్రి పండ్లబండి వద్ద నిలుచు బాలుడొకడు ఇరువది సంఖ్యలును సరిగా వ్రాసెను. వాని తండ్రికి చదువు రాదు.

"ఇంట చదివించువారు లేరు" అను వాక్యమును ఆమె తానే కొట్టివేసెను.

ఇక నివేదికా రచన. ఆమె నివేదిక పేరు "ఆరవ తరగతి ఉర్దూ మాధ్యమ విద్యార్థులు 20 నుండి 99 వరకు గల సంఖ్యలను విని వ్రాయుటలో చేయు తప్పులు" అని మారెను. పేరు పొడుగైనది, విషయము చిన్నదైనది. విషయము ఎంత చిన్నదైన అంత మేలు. మా విద్యార్థులకు మిక్కిలి కష్టమనిపించునది, చూచిన దానిని తలచిన దానినుండి వేరుచేయుట. "బాలుడు 59కి బదులు 69 వ్రాసెను" అనునది చూచినది. "బాలునకు శ్రద్ధ లేదు" అనునది తలచినది. ఈ రెండును ఒకే వాక్యమున చేరినచో చదువరి మోసపోవును. అంతకు ముందే వ్రాసినవాడు మోసపోవును. కనుక మా తరగతిలో నోటుపుస్తకపు పుటను నడుమ గీత గీసి రెండుగా చేయింతును. ఎడమ ప్రక్క తేదీతో చూచినది, కుడి ప్రక్క తలచినది. పిల్లల పేర్లకు బదులు సంఖ్యలు వేయుమందును. ఒకని తప్పులు ఊరివారి నోట పడరాదు గదా!

ఆమె పుల్లల కట్టలతోను, 10 నుండి 100 వరకు మెట్లవలె గీసిన పటముతోను మూడు వారములు అభ్యాసము చేయించెను. "ఉన్‌సఠ్" అనగానే పిల్లవాడు అరువదవ మెట్టుపై వ్రేలుంచి ఒక అడుగు క్రిందికి దిగవలెను. పిదప పెట్టిన పరీక్షలో అవే సంఖ్యలను అదే వరుసలో ఇయ్యనీయలేదు. ఇచ్చినచో జ్ఞాపకశక్తికి పరీక్ష యగును గాని అవగాహనకు కాదు. ఫలితము మిశ్రమము. 59, 69ల తప్పులు బాగుగా తగ్గినవి. 79, 89ల తడబాటు ఇంచుమించు అట్లే మిగిలినది.

ఆ చివరి వాక్యమును తొలగింతునని ఆమె పట్టుపట్టెను. మార్కులు తగ్గునని భయము. భయము అకారణమని చెప్పలేను. ప్రగతి, ప్రగతి అని వ్రాసినవారికే మార్కులు వేయు అలవాటు మాలోనే కలదు, దానిని దిద్దుకొనవలసినది మేము. ఆమెకు గిజుభాయి బధేకా 'పగటికల' చదువుమని యిచ్చితిని. అది కథయే, అయినను అందలి ఉపాధ్యాయుడు మొదటి దినముననే తన ప్రయోగము బెడిసికొట్టిన సంగతి దాచడు. అందుచేతనే తరువాత అతడు చెప్పు విజయములను నమ్మబుద్ధి యగును. పుస్తకము తిరిగి యిచ్చునాడు ఆమె ఏమియు అనలేదు గాని, నివేదికలో ఆ వాక్యము ఉండెను. దాని క్రింద, ఇది ఒక్క తరగతి సంగతి మాత్రమేయని, అన్ని ఉర్దూ పాఠశాలలకు వర్తించునని చెప్పజాలనని కూడ వ్రాసెను.

మౌఖిక పరీక్షలో ఆ వాక్యము పైననే ఆమెను ఎక్కువసేపు ప్రశ్నించిరి. ఈ సంవత్సరము ఇంకొక విద్యార్థి 79, 89ల విషయమునే తన పరిశోధనకు ఎన్నుకొని, ఆమె పట్టికల నకలు కావలెనని నన్నడిగి తీసికొనిపోయెను.