మెడ మీద నలుపు, రిపోర్టులో నార్మల్

బొద్దుగా ఉన్న పిల్లవాడి మెడ వెనక నల్లటి చార కనిపిస్తే మన ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది సున్నిపిండి. తలంటు రోజున ఎంత రుద్దినా అది వదలదు. వదలడానికి అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ అవసరానికి మించి తిరుగుతున్నప్పుడు మెడ మడతల్లో, చంకల్లో చర్మం మందమెక్కి నల్లబడుతుంది. అదే ఇన్సులిన్ లోపల కాలేయం చేత కొవ్వు తయారు చేయిస్తూ ఉంటుంది. చర్మం ఆ సంగతి బయటపెట్టేస్తుంది. కాలేయం మాత్రం నొప్పి కూడా తెలియనివ్వదు.

కాలేయంలో ఇలా కొవ్వు పేరుకోవడమే ఫ్యాటీ లివర్. ఒకప్పుడు దాన్ని తాగుబోతుల జబ్బనే అనుకునేవారు. కానీ అమెరికాలోని శాన్ డియాగో కౌంటీలో 1993 నుంచి 2003 మధ్య ప్రమాదాల్లోనో, ఇతర కారణాలతోనో చనిపోయి పోస్టుమార్టం జరిగిన 742 మంది పిల్లల కాలేయాలను పరిశోధకులు పరిశీలించారు. అందరూ 2 నుంచి 19 ఏళ్ళ లోపువాళ్ళే. ఊబకాయమున్న వారిలో 38 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2022లో లెక్కగట్టినప్పుడు, ఊబకాయమున్న పిల్లల్లో ఆ సంఖ్య 60 శాతం దాటింది.

కొవ్వు అనగానే అందరి వేలూ నూనె, నెయ్యి వైపే వెళుతుంది. అసలు ముద్దాయి చాలాసార్లు చక్కెర. చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్ళంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు భారం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 25 గ్రాములకు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది. అది గటగటా ఒక్కసారిగా వచ్చి పడితే, మిగులును కాలేయం కొవ్వుగా మార్చి దాస్తుంది. ఆ హడావిడిలో యూరిక్ ఆమ్లం కూడా పుడుతుంది. దాన్ని బయటికి పంపే పని కిడ్నీలది. ఒకే సీసా, రెండు అవయవాలకూ పని.

కిడ్నీ కథ ఇంకాస్త తిరకాసు. ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షల వడపోత గొట్టాలు, అంటే నెఫ్రాన్లు ఉంటాయి. తల్లి కడుపులో 36వ వారానికల్లా వాటి తయారీ ముగిసిపోతుంది. పుట్టాక కొత్తవి రావు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు సాధారణంగా ఆ వాటాయే తక్కువ. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మన శిశువుల బరువును ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. అక్కడ సగటు 3.5 కిలోలు, ఇక్కడ 2.7. కండ తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంత తగ్గలేదు. చిన్నగా పుట్టి పదేళ్ళకు బొద్దుగా తయారైన పిల్లవాడి విషయంలో నాకు దిగులు కలిగించేది ఈ లెక్కే: వడపోత గొట్టాలు తక్కువ, వడపోయాల్సిన ఒళ్ళు ఎక్కువ.

అప్పుడు ఒక్కో నెఫ్రాను అదనంగా పనిచేస్తుంది. వడపోత వేగం మామూలు కంటే పెరుగుతుంది. రిపోర్టు చూసినవాళ్ళకు కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. నెఫ్రానులోని జల్లెడకు అస్తరులా ఉండే పోడోసైట్ కణాలు సంఖ్యలో పెరగలేవు. జల్లెడ ఉబ్బినకొద్దీ, నెలల పాప గౌనును ఐదేళ్ళ పిల్లకు తొడిగినట్టు, అవి సాగి అక్కడక్కడా పిగులుతాయి. ఆ సందుల్లోంచి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగేదాకా ఆగితే చాలా కాలం గడిచిపోతుంది. ఉదయం తొలి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష ఆ జారుడును ముందే పట్టుకుంటుంది.

కాలేయం రిపోర్టూ ఇలాగే మోసం చేస్తుంది. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము 40 దాకా నార్మల్ అని చాలా ల్యాబులు అచ్చువేస్తాయి. ఉత్తర అమెరికా పిల్లల ఉదర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ గీత ఆడపిల్లలకు 22, మగపిల్లలకు 26. ఊబకాయముంటే 9 నుంచి 11 ఏళ్ళ మధ్యే ఈ పరీక్ష చేయించమన్నారు. అంటే 38 వచ్చిన పదేళ్ళ పిల్లవాడు కాగితం మీద నార్మల్, డాక్టరు దృష్టిలో కాదు.

ఊబకాయం ఉన్న పిల్లల్లోనే ఫ్యాటీ లివర్ ఉన్నవారిని, లేనివారిని పోల్చి ఇటలీలో అధ్యయనాలు చేశారు. కిడ్నీ మార్పులు మొదటి గుంపులోనే ఎక్కువ కనిపించాయి. కాలేయమే కిడ్నీని చెడగొడుతోందా, ఇన్సులిన్ రెండింటినీ చెడగొడుతోందా అన్న వాదన శాస్త్రవేత్తలది. పిల్లవాడి కంచంలో మార్చాల్సింది రెండు జవాబులకూ ఒకటే.

మందులతో పని జరుగుతుందేమోనని చూశారు. విటమిన్ ఇ, మెట్‌ఫార్మిన్‌లను 96 వారాలు వాడించిన అమెరికా ప్రయోగం 2011లో వెలువడింది. ఎస్‌జీపీటీని నిలకడగా తగ్గించడంలో ఏదీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనిపించలేదు. 2019లో ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది అబ్బాయిలతో ఇంకో ప్రయోగం చేశారు. సగం మందికి 8 వారాల పాటు, కలిపిన చక్కెరనూ పళ్ళ రసాల తీపినీ మొత్తం కేలరీల్లో 3 శాతం లోపుకు దించారు. వాళ్ళ కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17కు దిగింది. మామూలుగా తిన్నవారిలో 21 నుంచి 20 దగ్గరే ఆగింది. కేలరీలు లెక్కపెట్టి కడుపు మాడ్చలేదు. ఇంకో సంగతి: ఆ భోజనం ఇంటిల్లిపాదికీ పెట్టారు. అన్న కూల్‌డ్రింకు తాగుతుంటే తమ్ముడు మజ్జిగతో సరిపెట్టుకోవాల్సిన పరిస్థితి రాలేదు.