పాత కారుంటే ఈ మాత్రం మెకానిక్ పని తెలియాలి

ఇండియాలో సొంత కారు కొంటే 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష గురించి తలచుకోనక్కర్లేదు. ఐర్లండ్‌లో అలా కుదరదు. కారుకు నాలుగేళ్లు నిండగానే ఎన్‌సీటీ పరీక్ష మొదలవుతుంది. పదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. మా ఇంట్లో ఉన్నది 2011 నాటి డీజిల్ కారు, కాబట్టి మాకు ప్రతి ఏడూ పరీక్షే. ట్రాలీ లాంటి ఊళ్లో నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికి రావాలన్నా, కూరగాయలకు వెళ్లాలన్నా కారే దిక్కు. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది పాత కారుతోనే మొదలుపెడతారు.

విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఏ భాగం పాడైనా విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించేస్తారు. ఇక్కడ గంటల లెక్కన కూలి. పాడైన భాగాన్ని బాగుచేయడం కంటే తీసేసి కొత్తది వేయడానికే ఎక్కువ మొగ్గు. అందుకే గ్యారేజీకి వెళ్లే ముందే జబ్బేమిటో కొంత తెలిస్తే బిల్లు చాలా తగ్గుతుంది. నేను రిపేర్లు చేయడానికి నేర్చుకోలేదు, మెకానిక్ చెప్పేది అర్థం చేసుకోవడానికి నేర్చుకున్నాను.

ముందు ఇంజిన్ ఆయిల్. కారును చదునుగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆపేసిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఆయిల్ ఉంటే చాలు. ఎక్కువ పోసినా ఇంజిన్‌కు చేటే. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి పొర కనిపిస్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని భయపెట్టేవాళ్లుంటారు. కెర్రీ తేమలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారుకు ఆ పొర మామూలే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కక లోపలి ఆవిరి నీరై ఆయిల్‌లో కలుస్తుంది. దాంతోపాటు కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ వస్తుంటే మాత్రం వెంటనే చూపించండి. కూలెంట్ మూతను ఇంజిన్ వేడిగా ఉండగా ఎప్పుడూ తీయకండి, మరిగే నీరు ముఖానికి చిమ్ముతుంది.

డీజిల్ కారున్నవాళ్లకు అసలు తలనొప్పి డీపీఎఫ్. పొగలోని మసిని పట్టే జల్లెడ అది. మసి నిండినప్పుడు కారు తనంతట తానే దాన్ని బాగా వేడిచేసి కాల్చేస్తుంది. దానికి ఇరవై నిమిషాలపాటు ఆగకుండా, కాస్త వేగంగా నడవాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి స్కూలుకి తిరిగితే ఆ అవకాశమే రాదు. మేం వారానికో పక్షానికో కిల్లార్నీ వైపు ఎన్22 రోడ్డెక్కుతాం. ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం, జల్లెడకు సరిగ్గా సరిపోతుంది. పిల్లలకు షికారు కూడా అవుతుంది. ఊళ్లోనే తిరిగేవాళ్లు డీజిల్ కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

టైర్లకు యూరో నాణెం చాలు. గాడి లోతు చట్టం ప్రకారం కనీసం 1.6 మి.మీ. ఉండాలి. ఒక యూరో నాణేనికి బంగారు రంగు అంచు సుమారు 3 మి.మీ. గాడిలో నిలబెడితే ఆ అంచు బయటికి కనబడుతోందంటే టైర్ల కోసం డబ్బు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాలి. వానల ఊరు కదా, 1.6 దాకా ఆగడం మంచిది కాదు. డిక్కీలో స్టెప్నీ ఉంటే దాని గాలి కూడా చూడండి.

పాత కారు కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని. దానికి కిలోమీటర్ల గడువు ఒకటి, ఏళ్ల గడువు ఒకటి ఉంటాయి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. తక్కువ తిరిగిన కారు కదా అని ఊరుకోకూడదు. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది. మార్చినట్టు కాగితం చూపించకపోతే మార్చలేదనే అనుకోండి. కొన్ని ఇంజిన్లకు బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, మీదేదో కనుక్కోండి.

ఇంజిన్ లైట్ వెలిగితే కంగారొద్దు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న రీడర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఫోన్‌లో కోడ్ చూపిస్తుంది. అయితే కోడ్ చెప్పేది అనుమానం మాత్రమే. పీ0420 వచ్చిందంటే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందనే కాదు, సెన్సర్ కావచ్చు, ఎగ్జాస్ట్ గొట్టంలో లీకు కావచ్చు. "మార్చే ముందు ఆ రెండూ చూశారా?" అని అడగండి.

ఎన్‌సీటీ కేంద్రంలో పరీక్షిస్తారే తప్ప రిపేర్ చేయరు. మీకు ఏ భాగమూ అమ్మే పని లేదు కనుక వాళ్లిచ్చే కాగితం మీ చేతిలో మంచి ఆయుధం. గడువుకు 90 రోజుల ముందు నుంచీ పరీక్ష చేయించుకోవచ్చు. వెళ్లే ముందు ఒకరు బ్రేక్ తొక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడి లైట్లన్నీ చూడండి, నంబర్ ప్లేట్ బల్బుతో సహా. ఫెయిలైతే ఆ కాగితంతోనే గ్యారేజీకి వెళ్లి, అందులో రాసినవాటికే ధర అడగండి. తీసేసిన పాత భాగాలు చూపించమనండి, మర్యాదగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. రీటెస్ట్ 30 రోజుల్లో పూర్తి చేయాలి. యంత్రాల అవసరం లేకుండా కంటితో చూసి తేల్చేవాటికి రీటెస్ట్ ఫీజు ఉండదు.

బల్బులు, వైపర్లు, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ నేను మార్చుకుంటాను. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్లను. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి మాత్రం ఎవరూ దూరకండి, ఒక్క నిమిషం పనికైనా సరే.