చేప బరువు నీళ్ళే చెబుతాయి

కోటవురట్ల నుంచి ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. ఆయన వరాహ నదిలోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ సరదాకి గాలం వేస్తుంటారు. వానలు పడ్డాక పిల్లల మందని కాచుకుని తిరిగే కొరమేను గాలానికి పడితే మాత్రం వదిలేస్తారట. “వదిలేముందు అదెంత తూగుతుందో చూడాలని మహా ఆశగా ఉంటుందండీ. మొప్పలోంచి కొక్కెం దూర్చి కాటాకి వేలాడదీస్తే దానికేమైనా అవుతుందా? మరో దారేదైనా ఉందా?” అని అడిగారు. ఈ నెలకి వేరే విషయం మీద రాయాలనుకున్నాను. ఈ ప్రశ్న చూశాక అది వచ్చే నెలకి వాయిదా పడింది.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. అవుతుంది, చాలానే అవుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ చేప ఒంటిని అన్ని వైపుల నుంచీ నీరే మోస్తుంది. మాంసం, ఎముకలు నీటికన్నా కాస్త సాంద్రమైనవి. ఆ తేడాని కడుపులోని గాలితిత్తి సరిపెడుతుంది. మంచినీటి చేపల్లో ఈ తిత్తి ఒంటి పరిమాణంలో సుమారు 7 శాతం ఉంటుంది. అందుకే చేప మునిగిపోకుండా, తేలిపోకుండా ఉన్న లోతులోనే నిలబడగలదు. దాని వెన్ను పక్కలకి వంగి ఈదడానికి అమరినది, నిలువునా బరువు వేలాడదీయడానికి కాదు. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు పండుగప్పల మీద ఈ సంగతి పరీక్షించారు. పెదవిని కరిచిపట్టే పటకార్లతో వాటిని ఎత్తి, తర్వాత ఎక్స్‌రేలు తీశారు. నోటికి గాయాలు కావడం ఊహించిందే. కానీ నిలువుగా వేలాడదీసిన చేపల్లో వెన్నుపూసల వరుసే మారిపోయింది. మూడు వారాలు గడిచినా అది సర్దుకోలేదు. పైకి చూస్తే అవి మామూలుగానే ఈదుకుంటూ పోయిన చేపలు!

చేప పెద్దదయ్యేకొద్దీ ఈ బాధ ఇంకా ఎక్కువ. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఆ బరువుని ఆపాల్సిన దవడ కండరాల అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఈ లెక్కే చెప్పి, నేలమీద సాధ్యం కానంత పెద్ద ప్రాణులు సముద్రంలో ఎలా బతుకుతున్నాయో కూడా వివరించాడు: వాటి బరువు నీరు మోస్తోంది కాబట్టి. ఆ మోసే నీటిని తీసేసి, మొత్తం భారాన్ని మొప్ప దగ్గరున్న వేలెడు కండరం మీద పెట్టడమే మనం కొక్కేనికి తగిలించినప్పుడు చేసే పని.

గాలి సంగతీ చెప్పాలి. మొప్పల్లోని పల్చటి పొరలు నీళ్ళలో విడివిడిగా ఆడుతుంటాయి, బయటికి తీయగానే తడిసిన పుస్తకం పేజీల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. కెనడాలో 1992లో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని బాగా అలిసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని వెంటనే నీళ్ళలో వదిలారు, కొన్నిటిని అర నిమిషం, మరికొన్నిటిని నిమిషం గాలిలో ఉంచారు. వెంటనే వదిలినవాటిలో 88 శాతం బతికాయి. అర నిమిషం ఉంచితే 62 శాతం, నిమిషం ఉంచితే 28 శాతం. కొరమేను ఈ విషయంలో మొండిది, పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. మార్పు, ఇంగిలాయి కూడా అంతే. శీలావతి, బొచ్చెలకి ఆ వరం లేదు. అయితే గాలి పీల్చగలిగినంత మాత్రాన కొరమేను వెన్ను వేలాడదీతకి తట్టుకోదు. పైగా తల్లో తండ్రో గట్టు మీద ఉన్న ఆ కాసేపట్లోనే ఎర్రటి పిల్లల మంద మీద మిగతా చేపలు పడతాయి. కాబట్టి తూచడం తొందరగా అయిపోవాలి, చేప నీళ్ళు వదలకుండానే అయిపోవాలి.

ఇక రెండో ప్రశ్న. నన్ను రెండు వారాలుగా పట్టి పీడిస్తున్నది ఇదే.

ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ గురించి ఒక కథ చెబుతారు. రాయల్ సొసైటీ పండితుల్ని పిలిచి ఆయన ఒక చిక్కు ప్రశ్న వేశాడట. నీళ్ళున్న తొట్టిలో చచ్చిన చేపని వేస్తే బరువు పెరుగుతుంది, బతికున్న చేపని వేస్తే పెరగదు, ఎందుకని? పండితులు తలో సిద్ధాంతం అల్లారు. ఈదే చేప తన బరువు తానే మోసుకుంటుందని ఒకరు, రెక్కల ఆటలో బరువు ఖర్చయిపోతుందని ఇంకొకరు. చివరికి ఒకాయన లేచి, అసలు ముందు తూచి చూద్దామన్నాడట. ఇది నిజంగా జరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. అయినా అందులోని పొరపాటు ఇవాళ్టికీ బతికే ఉంది. తేలుతున్న చేపకి బరువేమిటని చదువుకున్నవాళ్ళే అడుగుతారు.

బతికున్నా, చచ్చినా, చేప పూర్తి బరువూ కాటా మీద పడాల్సిందే. గ్రాము కూడా తగ్గదు. ఎలాగో చూద్దాం, ఇది చాలా అందమైన సంగతి. నీరు చేపని పైకి నెడుతోంది. ఎంత బలంతో? సరిగ్గా చేప బరువంత, లేకపోతే అది అడుక్కి జారిపోయేది. నీరు చేపని పైకి నెడుతున్నంత బలంతోనూ చేప నీటిని కిందికి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం అదే కదా. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. అసలు అనుమానం తర్వాతే వస్తుంది: నీటి మధ్యలో ఎక్కడో, దేనికీ ఆనకుండా ఉన్న చేప నెట్టుడు తొట్టి అడుక్కి ఎలా చేరుతుంది?

నీటిమట్టం ద్వారా చేరుతుంది. గోడలు నిట్టనిలువుగా ఉండి, అడుగు వైశాల్యం 1000 చదరపు సెంటీమీటర్లున్న టబ్బు తీసుకుందాం. అందులోకి కిలో చేప దిగింది. అది తన పరిమాణమంత నీటిని, అంటే లీటరు నీటిని, పక్కకి తోస్తుంది. ఆ నీటికి పోయే చోటు పైకే కాబట్టి మట్టం సరిగ్గా ఒక సెంటీమీటరు పెరుగుతుంది. లోతు సెంటీమీటరు పెరిగితే అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఒక గ్రాము భారం అదనంగా పడుతుంది. అలాంటివి వెయ్యి ఉన్నాయి. వెయ్యి గ్రాములు, కిలో! చేప అడుగుని తాకనే లేదు, అయినా దాని బరువంతా అడుగు మీదే ఉంది, అదీ ఒకచోట గుచ్చుకోకుండా టబ్బంతా పరుచుకుని. చేప పైన ఉందా, మధ్యలో ఉందా, ఏ మూల నక్కిందా అన్నది లెక్కలోకే రాదు. కొక్కేనికి వేలాడదీస్తే వేలెడు చోట పడే భారాన్ని ఇక్కడ చేప ఒళ్ళు మోయనే మోయదు.

పాఠకుడు చేయాల్సింది ఇంతే. చదునైన కాటా మీద టబ్బు పెట్టి, చేప పట్టిన నీళ్ళే సగం దాకా పోయాలి. తడిగోనె ఒకటి టబ్బు మీద వేసి, అప్పుడు కాటాని సున్నాకి తేవాలి. లేకపోతే గోనె బరువు కూడా చేప ఖాతాలో పడుతుంది. చేతులు తడుపుకుని చేపని టబ్బులోకి జార్చాలి. పొడి చేతులు, పొడి గుడ్డ దాని ఒంటి మీది జిగురుని ఊడదీస్తాయి. రోగాలకి మొదటి అడ్డుగోడ ఆ జిగురే. లోపల చేప గిలగిల్లాడితే కాటా అంకె పైకీ కిందికీ ఊగుతుంది. చేప ఒక్క ఉదుటున పైకి దూకబోయినప్పుడు కాటా దాని అసలు బరువుకన్నా ఎక్కువే చూపిస్తుంది. టబ్బు మీద ఆ తడిగోనె కప్పితే చీకటికి అది స్థిమితపడుతుంది. అంకె నిలబడిన క్షణంలో చదువుకుంటే సరి.

కాటా లేదా? అక్కర్లేదు. గాలితిత్తి పుణ్యాన చేప సాంద్రత దాదాపు నీటి సాంద్రతే, కాబట్టి చేప ఎన్ని లీటర్లో అన్ని కిలోలు. చేప లోపలుండగా నీటిమట్టం దగ్గర టబ్బుకి గీత పెట్టండి. చేపని వదిలేశాక, లీటరు సీసాతో ఆ గీత వచ్చేదాకా నీళ్ళు పోయండి. ఎన్ని సీసాలు పడితే అన్ని కిలోలు. అప్పటికి చేప తన పిల్లల దగ్గరికి చేరిపోయి ఉంటుంది.

బతికున్న చేప బరువు కచ్చితంగా తెలియడం ఎంత ముఖ్యమో మన దేశంలో హీరాలాల్ చౌధురి పనిని గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో ఆయన, కె.హెచ్. అలికున్హి కలిసి పిట్యూటరీ గ్రంథి రసంతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ ఇంజెక్షను మోతాదు చేప కిలో బరువుకి ఇంత అని ఉంటుంది. బరువు తప్పితే మోతాదు తప్పుతుంది. కడుపునిండా గుడ్లతో ఉన్న తల్లి చేపని దవడకి వేలాడదీస్తే ఇక గుడ్ల ఆశే వదులుకోవాలి. అందుకే హేచరీల్లో తడివలలో ఉయ్యాలలా ఎత్తి తూస్తారు. మన చెరువుల గట్ల మీద మాత్రం ఇంత శ్రద్ధ కనపడదు. మేత లెక్క కోసం విసురువలతో నాలుగు చేపలు పట్టి, ఎండలో కాటా దాకా పొడిబుట్టలో మోసుకెళ్ళి, తూచి మళ్ళీ చెరువులోకి విసిరేస్తారు. కాటానే నీటి అంచుకి తెచ్చి పక్కన టబ్బు పెట్టుకోవడానికి ఏం ఖర్చవుతుంది?

టబ్బులో పట్టని చేపల సంగతేమిటి? అక్కడ టేపు పనికొస్తుంది. గాలపు వేటగాళ్ళ పాత సూత్రం ఒకటుంది: చుట్టుకొలతని చుట్టుకొలతతో, దాన్ని పొడవుతో గుణించి, అన్నీ అంగుళాల్లో, 800తో భాగిస్తే పౌన్లలో బరువు వస్తుంది. సెంటీమీటర్లూ గ్రాములూ అయితే 800 బదులు 29. పొడవు 60, నడుము చుట్టుకొలత 40 సెంటీమీటర్లున్న చేప సుమారు 3,300 గ్రాములన్నమాట. చుట్టుకొలతని రెండుసార్లు గుణిస్తున్నాం కాబట్టి టేపు ఒక్క సెంటీమీటరు వదులైనా బరువు 5 శాతం పెరిగిపోతుంది. ఈ 29 ఎక్కడిదో లెక్కేస్తే ముచ్చటేస్తుంది. అదే చుట్టుకొలత, అదే పొడవు ఉన్న స్తంభంలో చేప నిండేది సుమారు 43 శాతం. మిగతాది తల, తోక సన్నబడిన చోట ఖాళీ.

అన్ని చేపలూ పొడవు ఘనం ప్రకారమే బరువెక్కుతాయని పాతవాళ్ళు నమ్మేవారు. పెరిగేకొద్దీ చేప ఆకారం కూడా మారుతుందనీ, ఆ ఘాతాంకం ఎప్పుడూ మూడే కానక్కర్లేదనీ 1928లో ఒక యువకుడు వాదించాడు. పేరు ఆన్సెల్ కీస్. చేపల్ని వదిలేసి మనుషుల మీదకి మళ్ళి, 1972లో ‘బాడీ మాస్ ఇండెక్స్’ అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

ఇప్పుడు అసలు పెద్ద చేప. 1949లో కరాచీ దగ్గర చిక్కిన తిమింగల సొర పొడవు 12.65 మీటర్లు, చుట్టుకొలత 7 మీటర్లు, బరువు సుమారు 21.5 టన్నులని పుస్తకాల్లో ఉంటుంది. ఆ కొలతల్ని అంగుళాల్లోకి మార్చి, పైన చెప్పిన సూత్రంలో పెట్టి, 800తో భాగించి చూడండి. సుమారు 47,300 పౌన్లు వస్తుంది, అంటే దాదాపు 21.5 టన్నులు! ఆ చేపని ఏ కాటా మీదా పెట్టలేదని, ఎవరో టేపు పట్టుకుని ఇదే లెక్క వేశారని నా గట్టి నమ్మకం.

ఆ లెక్క చేతిలో ఉంటే మన జిల్లా కథ కూడా సరిచూసుకోవచ్చు. 2021 డిసెంబరులో, ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని తంతడి తీరంలో ఒక తిమింగల సొర వలలో చిక్కింది. మత్స్యకారులు, అటవీ శాఖవాళ్ళు కలిసి దాన్ని ప్రాణాలతో సముద్రంలోకి పంపేశారు. 2001 నుంచీ ఈ చేపకి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఎంతో మెచ్చుకోవాల్సిన పని అది. పత్రికలు మాత్రం పొడవు 50 అడుగులు, బరువు 2 టన్నులు అని రాశాయి. ఈ రెండూ ఒకే చేపలో ఇమడవు. కరాచీ చేపని కొలబద్దగా తీసుకుంటే 50 అడుగుల సొర 37 టన్నులకి పైనే ఉండాలి, 2 టన్నుల సొర 19 అడుగులకి మించకూడదు. పొడవూ నడుమూ చుట్టి టేపు పట్టడానికి నిమిషం చాలు. మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటి అతిథి వస్తే, తాళ్ళతో పాటు ఒక టేపు కూడా తీసుకెళ్ళమని ఆ ఊరివాళ్ళకి నా మనవి.

కోటవురట్ల పాఠకుడికి చివరిగా ఒక మాట. 29 అనేది అందరి చేప, మీ కొరమేనుది కాదు. కొరమేను ఒళ్ళు గుండ్రం, ఎక్కడా పెద్దగా సన్నబడదు, కాబట్టి భాజకం 29 కన్నా చిన్నదే వస్తుందని నా అంచనా. దాన్ని మీరే కనిపెట్టవచ్చు. ఎలాగూ కూరకి తెచ్చుకునే కొరమేనులు ఉంటాయి కదా, చిన్నవీ పెద్దవీ కలిపి ఒక పది చేపల పొడవు, చుట్టుకొలత, బరువు రాసుకోండి. చుట్టుకొలత రెండుసార్లు, పొడవు ఒకసారి గుణించి, గ్రాముల్లో ఉన్న బరువుతో భాగించండి. ఆ పది అంకెల సగటే మీ వరాహ కొరమేను భాజకం. అంకెలు నాకూ పంపితే ఇక్కడే అచ్చువేస్తాను.