ఫిష్ ఫైండర్: చేపను చూపేదీ గాలే, దాచేదీ గాలే

వేటకు ఏ దిక్కుకు వెళ్తే చేప దొరకవచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహ సమాచారం ఆధారంగా మత్స్యకారులకు సూచనలు ఇస్తోంది. ఆ చోటుకు చేరాక పడవ కింద లోతెంత, చేపల గుంపు ఎక్కడుంది, అడుగున వల చించే రాళ్లున్నాయా అన్నది చెప్పాల్సింది పడవలోని ఫిష్ ఫైండర్. అయితే పడవ ఆగి ఉన్నప్పుడు చక్కగా పనిచేసే ఈ పరికరం, వేగం అందుకోగానే తెర నిండా చుక్కలు చూపుతుంది. సముద్రపు అడుగు గీత మాయమవుతుంది. చాలాసార్లు లోపం యంత్రంలో ఉండదు. ట్రాన్స్‌డ్యూసర్‌ను బిగించిన చోటులో ఉంటుంది.

ట్రాన్స్‌డ్యూసర్ అంటే పడవ అడుగున నీటిని తాకి ఉండే భాగం. ఇందులోని పీజో విద్యుత్ పలక కరెంటును శబ్ద తరంగంగా మారుస్తుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. సముద్రపు నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. కాబట్టి 0.04 సెకన్లకు ప్రతిధ్వని వస్తే లోతు 30 మీటర్లు.

నీటిలో వెళ్లే శబ్దానికి గాలి ఎదురైతే దాదాపు 99.9 శాతం శక్తి వెనక్కి తిరుగుతుంది. చేప కండ సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది కనుక దాని నుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనం. చాలా చేపల్లో తెరపై బలంగా కనిపించేది కడుపులోని గాలితిత్తే. అది లేని సొరచేప అంత బలంగా కనిపించదు. ఇదే సూత్రం ట్రాన్స్‌డ్యూసర్‌కు శత్రువు కూడా. దాని ముఖం ముందు గాలి బుడగలు చేరితే శబ్దం అక్కడి నుంచే వెనుదిరుగుతుంది.

ఏది ఎంచుకోవాలి?

సాధారణంగా 50, 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాలు వాడతారు. 200 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 7.5 మిల్లీమీటర్లు. చిన్న వివరాలు కూడా చూపుతుంది కానీ, నీరు దాన్ని త్వరగా పీల్చేస్తుంది. 50 కిలోహెర్ట్జ్ మరింత లోతుకు వెళ్తుంది, వివరం తగ్గుతుంది. శబ్దపు పుంజం వెడల్పు కూడా ముఖ్యమే. 20 డిగ్రీల పుంజం 30 మీటర్ల లోతులో సుమారు 10 మీటర్ల వెడల్పు చూస్తుంది. 45 డిగ్రీలదైతే 25 మీటర్లు. తీరం దగ్గర వేటాడే పడవకు 200 కిలోహెర్ట్జ్, లోతు సముద్రానికి వెళ్లే పడవకు 50 కిలోహెర్ట్జ్ నప్పుతుంది.

ఎక్కడ బిగించాలి?

అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఉన్న ఫైబర్ పడవకు వెనుక పలకపై బిగించడం తేలిక. ప్రొపెల్లర్‌కు దూరంగా, నీరు నురగ లేకుండా సాఫీగా జారే చోట, ముఖం పడవ అడుగుకు కొంచెం దిగువన ఉండాలి. అడుగు పలకకు పొడవునా ఉన్న గట్లు, మేకులు, గొట్టాల వెనుక బుడగలు పుడతాయి. వాటి సరళరేఖలో బిగించకూడదు. ఇన్‌బోర్డ్ ఇంజిన్ పడవలో ప్రొపెల్లర్ కలిపిన నీరంతా వెనుకకే వస్తుంది. అందుకే నెమ్మదిగా నడిచే పెద్ద పడవల్లో అడుగుకు రంధ్రం చేసి, ప్రొపెల్లర్‌కు బాగా ముందువైపు అమరుస్తారు. అడుగు వాలుగా ఉంటే చెక్క లేదా ప్లాస్టిక్ దిమ్మతో సరిచేసి, పుంజం నిట్టనిలువుగా కిందికి చూసేలా చేయాలి.

పదార్థం సంగతీ చూడాలి. చెక్క పడవకు ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. నీటికి చెక్క ఉబ్బితే అది పగులుతుంది. కంచు గొట్టం మేలు. అల్యూమినియం పడవకు కంచు తగిలిస్తే సముద్రపు నీటిలో అల్యూమినియం తినిపోతుంది.

రంధ్రం చేయకుండా లోపలి నుంచే అంటించడం గట్టి ఫైబర్ పలకకు మాత్రమే కుదురుతుంది. మధ్యలో ఫోమ్ లేదా చెక్క పొర ఉంటే అందులోని గాలి శబ్దాన్ని ఆపేస్తుంది. అంటించే ముందు, నీళ్లు నింపిన పల్చటి ప్లాస్టిక్ సంచిలో ట్రాన్స్‌డ్యూసర్‌ను ఉంచి పలకపై ఆనించి, లోతు సరిగా చూపుతోందో లేదో పరీక్షించవచ్చు. ఎపాక్సీలో ఒక్క బుడగ మిగిలినా సంకేతం బలహీనపడుతుంది.

బిగించాకా పని అయిపోదు. ముఖంపై నాచు, గుల్లలు పేరుకుంటే ప్రతిధ్వని తగ్గుతుంది. మెత్తటి గుడ్డతో తుడవాలి, గీకకూడదు. లోతు తప్పుగా చూపే పరికరం చేపను దొరకనివ్వకపోవడమే కాదు, వలను రాళ్లపైకి, పడవను తిప్పపైకి నడిపించగలదు.