మింగిన కణంలోనే మకాం

శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవిని, దానితో పూర్వపరిచయం ఉన్నా లేకున్నా, వెంటనే ఎదుర్కొనే తొలి రక్షణ ఏర్పాటును సహజ రోగనిరోధక వ్యవస్థ అంటారు. ఇందులో ముఖ్యమైనవి మాక్రోఫేజ్‌లు, అంటే ఎదురైన సూక్ష్మజీవిని మింగి అరిగించుకునే భక్షక కణాలు. కణాలు ఇలా మింగడమే ఒక రక్షణ అన్న ఆలోచన ఇల్యా మెచ్నికోవ్‌కు 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్ర చేపల డింభకాలను పరిశీలిస్తుండగా తట్టింది. ఆ రక్షణను తలకిందులు చేసే క్షయ బాక్టీరియాను రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో లోకానికి వెల్లడించినదీ ఆ ఏడాదే.

న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ తన చుట్టూ చక్కెరల తొడుగు కట్టుకుని భక్షక కణాల పట్టుకు చిక్కకుండా జారుకుంటుంది. క్షయ బాక్టీరియాకు మాత్రం తప్పించుకోవడం అన్న మాటే నప్పదు. అది ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌కు ఆహారమై లోపలికి వెళ్లాకే అసలు పని మొదలుపెడుతుంది.

మింగిన బాక్టీరియా చుట్టూ ఫాగోసోమ్ అనే పొరసంచి ఏర్పడుతుంది. మామూలుగా ప్రోటాన్ పంపులు ఈ సంచిని ఆమ్లమయం చేసి పీహెచ్‌ను 5 దాకా దించుతాయి, ఆపై జీర్ణ ఎంజైమ్‌ల తిత్తి అయిన లైసోజోమ్ వచ్చి కలిసి లోపలున్నదాన్ని కరిగించివేస్తుంది. ఆ కలయికకు సంచి పొరపై ఫాస్ఫేట్ గల ఒక కొవ్వు అణువు గుర్తుగా ఉండాలి. క్షయ బాక్టీరియా స్రవించే శాప్‌ఎం అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడబెరికి గుర్తును చెరిపేస్తే, పీటీపీఏ అనే మరొకటి ప్రోటాన్ పంపు అక్కడికి చేరకుండా అడ్డుపడుతుంది కనుక, పీహెచ్ 6.2 పరిసరాల్లోనే నిలిచిపోతుంది. ఈ-కోలి 20 నిమిషాల్లో రెండైతే, అదే పనికి సుమారు 20 గంటలు తీసుకునే ఈ మందకొడి జీవికి ఇంతటి నిశ్చింతైన బస అవసరమే.

అయినా అది అక్కడే ఉండిపోదు. ఈఎస్ఎక్స్-1 అనే స్రావక యంత్రాంగం ద్వారా ఈశాట్-6 వంటి ప్రోటీన్లను వెలువరించి, పొరకు గండికొట్టి, చివరకు ఆశ్రయమిచ్చిన కణాన్నే చంపి, ఆ శవాన్ని మింగవచ్చిన కొత్త మాక్రోఫేజ్‌లలోకి పాకుతుంది. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1908 నుంచి 13 ఏళ్లపాటు పశువుల క్షయ బాక్టీరియాను పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కలపై 230 సార్లు మార్చి మార్చి పెంచి సాధువుగా మార్చగా, పసిబిడ్డలకు నేటికీ వేస్తున్న బీసీజీ టీకా పుట్టింది. ఆ క్రమంలో రాలిపోయిన జన్యుభాగాల్లో ఈ యంత్రాంగానికి కీలకమైనదొకటి ఉందని 1990ల జన్యు పరిశోధనల్లో గాని బయటపడలేదు.