కడుపుతీపి – కనికరము: దైవప్రేమకు హద్దు లేమి

క్రైస్తవమతమున దైవప్రేమ అపారమైనదని చెప్పుట పరిపాటి. అపారమనగా మిక్కిలి అధికమైనదని మాత్రమే గ్రహించినచో ఆ సిద్ధాంతము సగమే బోధపడును. ఆ ప్రేమ ఎంతటిదను ప్రశ్నకన్న, ఎవరివరకు ప్రసరించుననునదే ముఖ్యము.

క్రొత్త నిబంధన గ్రీకు మూలమున దైవప్రేమకు తరచు వాడబడిన పదము ‘అగాపే’. స్వీడను దేశపు వేదాంతి ఆండర్స్ నీగ్రెన్ 1930లలో వెలువరించిన గ్రంథమున, ఎదుటివాని యోగ్యత నెంచని ప్రేమ అగాపే యనియు, కోరికనుండి పుట్టినది ‘ఎరోస్’ అనియు విభజించెను. విభజన ఉపయుక్తమే. కాని ఆ విశిష్టార్థము పదమునందే సహజముగా నున్నదనుట పొసగదు. యోహాను సువార్త మూడవ అధ్యాయమున మనుష్యులకు చీకటిపై గల మక్కువను తెలుపుటకును ఆ ధాతువే వాడబడినది. కావున అర్థమును పదమునందు గాక ప్రయోగమునందును, కథయందును వెదకవలెను.

లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథలో ‘అగాపే’ లేనేలేదు. ఆస్తి పాడుచేసి తిరిగివచ్చుచున్న కొడుకును దూరమున చూచిన తండ్రి మనఃస్థితిని చెప్పుటకు, ‘ప్రేవులు’ అను అర్థముగల నామమునుండి పుట్టిన క్రియ ప్రయోగింపబడినది. తెలుగు బైబిలు దానిని ‘కనికరపడి’ అని అనువదించినది. కనికరమున పై మెట్టుననున్నవాడు క్రిందివానిపై చూపు దయ స్ఫురించును. గ్రీకుపదములోని దేహవేదనకు మన ‘కడుపు తరుగుకొనిపోవుట’ దగ్గరగా నుండును. ఆ తండ్రి మమతకు ‘కడుపుతీపి’ తగిన పేరు.

అయితే కడుపుతీపికి ఒక హద్దు కలదు. అది తన కడుపున పుట్టినవారికే పరిమితము. హెబ్రీభాషలో ‘కరుణ’ను తెలుపు ‘రహమీం’ అను మాటకు ‘గర్భము’ అను మాటతో చుట్టరికమున్నది. యెషయా గ్రంథము నలువది తొమ్మిదవ అధ్యాయము, తల్లియైనను బిడ్డను మరచుట సంభవమేమో గాని దేవుడు మరువడని చెప్పి, మాతృప్రేమను పోలికగా గ్రహించుచునే దానిని దాటుచున్నది.

లూకా పదవ అధ్యాయమున ఈ హద్దు మరియొక దిక్కున చెరిగిపోవును. దొంగలచే గాయపడి త్రోవ ప్రక్కన పడియున్న అపరిచితుని చూచి, యూదులు అన్యునిగా నెంచు సమరయుడు చలించుటను తెలుపునదియు ఆ క్రియయే. అనగా కన్నతండ్రికి కొడుకుపై గల వేదనయే, ఏ సంబంధమును లేనివానిపైకి ప్రసరించినది. మొదటి మూడు సువార్తలయందు ఆ క్రియకు పెక్కుతావుల కర్త యేసే యగుట గమనింపదగినది. దైవప్రేమ అపారత యనగా నిదియే: కడుపుతీపి యొక్క తీవ్రత తగ్గకుండ, దాని పరిమితి తొలగుట. ‘కనికరము’ విస్తృతిని చూపి తీవ్రతను కొంత విడుచును. ‘కడుపుతీపి’ తీవ్రతను నిలిపి విస్తృతిని విడుచును. రెండింటిని కలిపి చదివినగాని మూలభావము మనకందదు.

అపారమైనను ఆ ప్రేమ నిర్బంధించునది కాదు. తమ్మునికి జరిగిన విందునకు అలిగిన పెద్దకుమారుని బ్రతిమాలుటకు తండ్రి తానే వెలుపలికి వచ్చును. అతడు లోనికి వచ్చెనో లేదో కథ చెప్పదు. ప్రేమ వాకిలి దాటి వచ్చినది. లోన అడుగిడుట మాత్రము ఆ కుమారుని వంతు.